దేవుళ్ళకు మేం పెట్టిన పరీక్ష

మరిగే నీళ్ళు మట్టి మీద పడితే ఒక వాసన వస్తుంది. తొలకరి చినుకుకు వచ్చే కమ్మని వాసన కాదది, ఉడికిన గడ్డి వాసనలా పచ్చిగా, ముక్కుకు అడ్డంగా ఉంటుంది. ఈ మధ్య ఒక పొద్దున అమీన్‌పూర్‌లోని మా ఫ్లాటు బాల్కనీలోంచి ఆ వాసన వంటింట్లోకి వచ్చింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే, మా ఇంట్లో పనిచేసే లక్ష్మి కుండీకి చీమలు పట్టాయని చెంబెడు వేడినీళ్ళు గుమ్మరించి, ఖాళీ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. జోగిపేట నుంచి ఒకామె కొంగున ముడేసుకుని తెచ్చి ఇచ్చిన చిక్కుడు గింజలను నాలుగు రోజుల కిందటే ఆ కుండీలో నాటాను. నేను అరిచిన అరుపుకు కింద వాచ్‌మన్ తలెత్తి చూశాడు. "నాలుగు గింజలకు గింత కోపమా అమ్మా" అని లక్ష్మి చిన్నబుచ్చుకుంది. కోపం ఆమె మీద కాదని ఎలా చెప్పను? యాభై ఏళ్ళ కిందట అచ్చంగా అలాగే ఖాళీ చెంబుతో నిలబడిన పదేళ్ళ పిల్ల మీద ఆ కోపం.

డెబ్బైలు మొదలైన రోజులవి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడ కొత్తగా లేచిన పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, క్వార్టరు వచ్చేదాకా ఉందామని పటాన్‌చెరు పాత ఊళ్ళో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. ఆ ఇల్లు దాదీది. దాదీ అంటే నా ఈడు పిల్ల నూరీకి నాయనమ్మ. నూరీ వాళ్ళ నాన్న బస్సులు ఆగే చోట బట్టలు కుట్టేవాడు, తల్లి నోట్లో నాలుక లేని మనిషి, ఇక ఇంటి పెత్తనమంతా దాదీదే. గూనపెంకుల ఇంటికి మధ్యలో వాకిలి, వాకిట్లో చేదబావి, ఒక సీతాఫలం చెట్టు, గోడ వారన ఎప్పుడూ ఎడతెగకుండా కాసే చిక్కుడు పాదు, ఆ పాదు నీడన నులకమంచం, మంచం మీద దాదీ, దాదీ ఒళ్ళో ఇత్తడి పాన్‌దాన్. ఆవిడ అడకత్తెరతో వక్కలు కత్తిరించే టకటక చప్పుడు, దూరంగా ఫ్యాక్టరీ సైరను, మసీదు నుంచి అజాన్, అమ్మ పూజ గంట, ఈ నాలుగూ వినపడితేనే మాకు పొద్దు గడిచినట్టు.

వానలు వెనకబట్టాక సీతాఫలాలు గడ్డిలో మగ్గేసి, పండాయో లేదోనని రోజుకు పదిసార్లు నొక్కి చూసి నేనూ నూరీ సగం పళ్ళు పాడుచేసేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నాలు వాకిలి బండ మీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా గళ్ళ చుట్టూ గడిచిపోయేవి, ఆటలో నేను ఓడిపోతే గవ్వలు సరిగా పడలేదని పేచీ పెట్టేదాన్ని. రంజాను వస్తే సేమ్యా, పాలు, ఖర్జూరాలతో చేసిన షీర్‌ఖుర్మా గిన్నె మా గదిలోకి వచ్చేది. వినాయక చవితికి అదే గిన్నె నిండా ఉండ్రాళ్ళు పెట్టి అమ్మ వాళ్ళకు పంపేది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని అమ్మకూ పట్టింపే, దాదీకీ పట్టింపే, అందుకని ఆ గిన్నె అసలు ఎవరిదో కొన్నాళ్ళకు అందరం మరిచిపోయాం.

ఇంత సఖ్యంగా ఉన్న ఇంట్లో పేచీ పెట్టింది నేనే. నాకు చిన్నప్పటినుంచీ నోటి దురుసు ఎక్కువ, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ ఏడు నూరీని మధ్యాహ్నాలు మసీదు దగ్గర అరబ్బీ చదువుకు పంపడం మొదలుపెట్టారు. తెల్ల ఓణీ తలచుట్టూ కప్పుకుని, ఖురాను పెట్టి చదివే చెక్క స్టాండు చంకన పెట్టుకుని తను వెళ్ళిపోతే నాకు ఆడుకునే తోడు ఉండేది కాదు. ఆ కడుపుమంట కూడా నిజమే. ఒకరోజు తిరిగొచ్చి, కొత్తగా నేర్చుకున్న పాఠం కదా, మురిపెంగా చెప్పింది.

"అల్లా ఒక్కడే. ఇంకెవలు లేరు."

"మరి మా గూట్లో తొమ్మిది పటాలున్నాయి కదా, వాళ్ళెవరు?" అన్నాను.

"గంతమంది ఉంటే ఎవల మాట ఎవలు వింటరు? మా ఇంట్ల దాదీ ఒక్కతే చెప్తది. అందుకే ఇల్లు నడుస్తుంది."

ఆ మాట నన్ను రెండు రోజులు నిలవనివ్వలేదు. మూడో రోజు జవాబు దొరికింది. "మా నాన్న ఫ్యాక్టరీలో ఒక్కడే అన్నీ చేస్తాడా? లేతు మీద ఒకరు, వెల్డింగుకొకరు, క్రేనుకొకరు. లోకం ఫ్యాక్టరీకన్నా పెద్దది కదా, ఒక్కడెలా నడుపుతాడు?" అన్నాను. నూరీ చెక్క స్టాండు తీసుకుని చదువుకు వెళ్ళిపోయింది. గెలిచాననుకున్నాను. మర్నాడు పొద్దున బావి దగ్గర చేద లాగుతూ, ఏదో మామూలు మాటలాగా అంది: "అందరి మీద జనరల్ మేనేజర్ ఒక్కడే అంట గద. మీ నాయిననే అడిగిన."

నాన్నను అడిగితే అవునన్నాడు. ఇక నాకు ఉక్రోషం వచ్చి, "మీ దేవుడికి పటం కూడా లేదు. కనపడనివాణ్ణి ఉన్నాడని ఎలా నమ్మేది?" అన్నాను. నూరీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ తగ్గలేదు. "జనరల్ మేనేజర్ నీకు కండ్ల వడ్డడా?" అంది.

నాన్నది ఇన్‌స్పెక్షన్ సెక్షను. పోతపోసిన ఇనుప భాగాలు తన ముందుకు వస్తే చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టి వినడం, కొలవడం, బాగుంటే తెల్లసుద్దతో టిక్కు, పగులుంటే ఎర్రసుద్దతో ఇంటూ గుర్తు పెట్టడం ఆయన పని. ఇంట్లో కూడా కుండ కొన్నా కొబ్బరికాయ కొన్నా తట్టి చూడనిదే లోపలికి రానిచ్చేవాడు కాదు. "ఎవరో చెప్పారని ముద్ర వెయ్యకూడదమ్మా. పరీక్ష పెట్టాలి" అని అన్నం తింటూ మాకు చెప్పేవాడు. ఇనుముకు చెప్పిన మాటను నేను దేవుళ్ళకు అంటగట్టాను. ఇలాంటి తెలివితక్కువ పని ఫ్యాక్టరీ పిల్లలకు తప్ప ఇంకెవరికీ తట్టదని ఇప్పటికీ అనుకుంటాను.

మా తమ్ముడి పాలపొడి డబ్బాలు ఖాళీవి రెండు దొరికాయి. రెండింటిలో ఒకే మట్టి, మూడేసి చిక్కుడు గింజలు, రోజూ ఒకే చెంబుతో కొలిచిన నీళ్ళు. నా డబ్బా ముందు నేను నా దేవుళ్ళను వేడుకోవాలి, తన డబ్బా ముందు నూరీ తన దేవుణ్ణి వేడుకోవాలి. ఎవరి డబ్బాలో ముందు మొలిస్తే ఆ దేవుడే నిజం, రెండోవాళ్ళు ఒప్పుకుని తీరాలి. నూరీ కాసేపు వెనకాడింది. "దేవునికి ఇంతిహాన్ పెట్టొద్దని మాకు అరబ్బీ నేర్పే హజ్రత్ చెప్పిండు" అంది. "భయమా?" అన్నాను. ఆ ఒక్కమాటకు ఒప్పేసుకుంది. నాన్న సుద్దముక్క దొంగిలించి డబ్బాల మీద పేర్లు రాసి, దాదీ మంచం పక్కన గోడ మీద పెట్టాం.

తొలకరి పడి గాలి చల్లబడిన రోజులు. పొద్దున్నే లేచి మొహం కడక్కుండా గోడ దగ్గరికి పరుగు, బడి నుంచి రాగానే పరుగు, అన్నం ముద్ద నోట్లో ఉండగానే మళ్ళీ పరుగు. అమ్మ గూటి ముందు నిలబడి తొమ్మిది మందికీ తొమ్మిదిసార్లు విడివిడిగా చెప్పుకున్నాను, ఎవరూ ఇది వేరేవాళ్ళ పని అనుకోకుండా. నాలుగో రోజు మధ్యాహ్నం నూరీ అరబ్బీ చదువుకు వెళ్ళాక చూస్తే, తన డబ్బాలో మట్టి పగిలి, మూతలా పైకి లేచి ఉంది. నా డబ్బాలో మట్టి చదునుగా, చలనం లేకుండా ఉంది.

తొమ్మిది మంది ఒకవైపు ఉండి ఒక్కడి చేతిలో ఓడిపోవడమా? అమ్మ రోజూ పెట్టే దీపం, మా ఊళ్ళో నాయనమ్మ చెప్పిన కథలు, మేం తిన్న ప్రసాదాలు, అన్నీ ఉత్తవేనా? షిఫ్టు దిగి వచ్చే నాన్న స్నానానికని వాకిలి పొయ్యి మీద కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. అమ్మ లోపల తమ్ముణ్ణి నిద్రపుచ్చుతోంది. దాదీ మంచం మీద కొంగు మొహానికి కప్పుకుని పడుకుని ఉంది. చెంబు ముంచాను, నూరీ డబ్బాలో పోశాను. ఆవిరి లేచింది, ఆ వాసన లేచింది. ఎక్కడో గాజులు గలగలమన్నట్టయింది గాని, చుట్టూ చూస్తే ఎవరూ కదల్లేదు.

మర్నాడు పొద్దున నూరీ డబ్బాలో రెండు మొలకలు ఆకులు ముడుచుకుని నిటారుగా నిలబడి ఉన్నాయి. నా డబ్బాలో ఒకటి, అప్పుడే మెడ వంచుకుని బయటికొచ్చింది.

నూరీ గెంతుతుందనుకున్నాను, వెక్కిరిస్తుందనుకున్నాను. తను తన డబ్బానే చాలాసేపు చూసి, "బరాబర్" అంది. "ఇద్దరియి ఒక్కసారే వచ్చినయి. ఇగ ఈ ఆట వద్దు విమ్లా." నన్ను విమల అని తను ఎప్పుడూ పలకలేదు, విమ్లా అనే అనేది. గెలిచి కూడా సమానమంటోందని, అది దాని మంచితనమని అనుకున్నాను.

కానీ ఉడికిపోయిన గింజ మొలిచిందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇక అక్కణ్ణుంచి నా అవస్థ చూడాలి. తేలు కుట్టిన దొంగకు మల్లే ఎవరికీ చెప్పుకోవడానికి లేదు. నూరీ దేవుడు నిజంగానే ఉన్నాడు, నేను చేసింది చూశాడు, చూసి కూడా గెలిచాడు. అజాన్ వినపడితే గదిలోకి పోయి తలుపు మూసుకునేదాన్ని, మూసిన తలుపు కూడా చాలదనిపించేది. అమ్మ హారతి ఇస్తుంటే పటాల వైపు చూడలేకపోయేదాన్ని. వాళ్ళు లేకపోతే ఈ పూలెందుకు? ఉంటే మాత్రం, చెంబు ముంచినప్పుడు వాళ్ళూ చూసే ఉంటారు కదా? ఇద్దరికీ చెడ్డాను. బళ్ళో పలక మీద రాసింది రాసినట్టే చెరిపేదాన్ని, అన్నం సహించేది కాదు, కూర్చున్నచోట కూర్చోలేకపోయేదాన్ని. అమ్మ దిష్టి తగిలిందనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది.

వారం తిరక్కుండా తమ్ముడికి జ్వరం వచ్చింది. ఫ్యాక్టరీ ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్రమందు తాగించినా తగ్గలేదు, వాడు పాలు కూడా తాగడం మానేశాడు. నా వల్లనే అని నాకు తెలుసు. అయిదో రోజు సాయంత్రం అమ్మ దీపం పెట్టి, నుదుట కుంకుమతోనే వాణ్ణి భుజాన వేసుకుని, నా చేతికి గ్లాసెడు నీళ్ళిచ్చి మసీదుకు బయలుదేరింది. ఆ రోజుల్లో పొద్దుగూకే వేళ మసీదు మెట్ల పక్కన చంటిపిల్లల తల్లులు వరసగా నిలబడేవారు. కూరగాయలమ్మే ఆడవాళ్ళు, కంసాలి కోడలు, మా కోస్తా నుంచి వచ్చిన ఫ్యాక్టరీవాళ్ళ భార్యలు, అందరూ ఉండేవారు. నమాజు ముగించి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి పిల్లల నుదుటి మీద, గ్లాసులో నీళ్ళ మీద మెల్లగా ఊది పోయేవారు. పేరడగరు, ఎవరని అడగరు. ఒక పెద్దాయన మా తమ్ముడి మీద ఊది, నేను కూడా జ్వరం పిల్లనే అనుకున్నాడో ఏమో, నా నుదుటి మీద కూడా ఊదాడు. నేను ఉలిక్కిపడి వెనక్కి తగ్గేసరికి గ్లాసులో సగం నీళ్ళు ఒలికిపోయాయి.

"ఏవిటే ఆ చేతులు, సరిగా పట్టుకోలేవూ?" అని అమ్మ కసిరింది. ఇల్లు చేరగానే అమ్మ లోపలికి వెళ్ళింది, నేను నేరుగా దాదీ మంచం దగ్గరికి పోయి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. వేడినీళ్ళ సంగతి, ఉడికిన గింజ మొలిచిన సంగతి, మీ దేవుడు మా తమ్ముణ్ణి తీసుకుపోతాడన్న సంగతి, అన్నీ చెప్పేశాను.

దాదీ అడకత్తెర పక్కన పెట్టింది. "నువ్వు పోసినప్పుడు నేను నిద్ర పోలే బిడ్డా. ఉడికిన గింజ యాడనన్న మొలుస్తదా? పాదు కింద రాలిన గింజలు మొలిచినయి గద, గవి రెండు తీసి నేనే పెట్టిన."

"ఎందుకు?"

"నూరీ పదేండ్ల పిల్ల. గంత చిన్నగున్నప్పుడే దేవుడు లేడనుకుంటె, మళ్ల యాడ ఎతుక్కుంటది?"

గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. అయినా పేచీకోరు బుద్ధి పోలేదు నాకు, ముక్కు తుడుచుకుంటూనే అడిగాను, ఇంతకూ ఎవరి దేవుడు నిజం అని. దాదీ పాన్‌దాన్ మూసి చాలాసేపు నవ్వింది.

"నాకు నా మొగుడు ఒక్కడే మొగుడు. అట్లని పక్కింటామె మొగుడు మొగుడే కాడంటనా? ఆమె ఊకుంటదా?" అని, నా తల నిమిరి, గొంతు తగ్గించి అంది: "ఈ ముచ్చట నూరీకి చెప్పకు. నీ కడుపులనే ఉండాలె. మాటియ్యి."

మాటిచ్చాను. తొమ్మిదో రోజున తమ్ముడి జ్వరం దిగింది. ఎవరి వల్ల దిగిందని అమ్మ విచారణ పెట్టలేదు, గూటి ముందు కొబ్బరికాయ కొట్టింది, మసీదులో పంచమని చక్కెర పొట్లం ఇచ్చింది, మందిచ్చిన కాంపౌండరుకు అరిసెలు పంపింది. ఆ చలికాలంలో మాకు క్వార్టరు వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకు దాదీ పోయింది, నూరీ పెళ్ళయి జోగిపేట వెళ్ళిపోయింది, నా చదువు, నా పెళ్ళి, నా సంసారం నన్ను తిప్పినన్ని ఊళ్ళు తిప్పి మళ్ళీ ఇక్కడికే తెచ్చి పడేశాయి. ఇన్నేళ్ళలో ఏ గుడిలో నిలబడినా, ఏ దర్గా ముందు తల వంచినా, నా చేతిలో ఇంకా ఆ చెంబు ఉన్నట్టే అనిపించేది. ప్రార్థన కుదురుగా చేసుకోవడం నాకు రాలేదు.

మొన్న వేసవిలో కూరగాయల బండి దగ్గర నేను బేరమాడుతుంటే, వెనక నుంచి "గీ గొంతు విమ్లాదే" అన్నారెవరో. తిరిగి చూస్తే తెల్లబడిన జుట్టు మీద ఓణీ కప్పుకుని నూరీ. కొడుకు ఉద్యోగం ఇక్కడే, మా పక్క బ్లాకులోనే ఉంటున్నారట. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు జోగిపేట పెరటి చిక్కుడు గింజలు కొంగు విప్పి నా చేతిలో పోసింది. లక్ష్మి వేడినీళ్ళు పోసింది వాటి మీదే.

నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చింది. నేను పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టి వచ్చేసరికి బాల్కనీలో ఆ ఉత్త కుండీ ముందు నిలబడి ఉంది.

"మొలవలేదా?"

"చీమలని పనమ్మాయి వేడినీళ్ళు పోసింది నూరీ."

"అప్పుడు గూడ నా డబ్బాల మొలవలే" అంది.

"మొలిచాయిగా, రెండు."

"మొలవలే విమ్లా. పొద్దుగాల నమాజుకు వజూ చేస్కుందామని లేస్తే సూసిన, దాదీ పాదు కింది మొలకలు తీసి నా డబ్బాల పెడ్తున్నది. నేను ఓడిపోతనని పెట్టింది. నీది ఇమాన్‌గ వచ్చింది, మాది దొంగతనం. నీకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్ననో, దాదీ పేరు పోతదని చెప్పలే."

అందుకా ఆ రోజు "బరాబర్" అన్నది. నేను యాభై ఏళ్ళు మోసిన కావడికి రెండో కొస తను మోసింది. దాదీకి ఇచ్చిన మాట అక్కడే, ఆ కుండీ ముందే తప్పాను. నాలుగో రోజు మధ్యాహ్నం తన మట్టి ముందుగా పగిలిందని, నేను చెంబుతో వేడినీళ్ళు పోశానని, తన దేవుడు ఓడిపోలేదని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. నూరీ కుండీలో మట్టిని వేలితో కెలికి, ఒక గింజ తీసి చూసి మళ్ళీ అందులోనే పడేసింది.

"ఓడిపోయిండనుకొనే ఇన్నేండ్లు నమాజు చేసిన. ఇంట్ల మనిషి ఓడిపోయిండని ఇడిచిపెడ్తమా? ఇప్పుడు గెలిచిండంటవు. ఇంకెక్కువ ఏం చెయ్యాలె?" అంది.

దాదీ ఇల్లున్న చోట ఇప్పుడు లారీ టైర్ల గోదాము ఉంది, బావి పూడ్చేశారు, చిక్కుడు పాదు ఎక్కేందుకు ఆ చుట్టుపక్కల మట్టిగోడ ఒక్కటి లేదు. మసీదు పెద్దదయింది, చలువరాళ్ళ మెట్లు కట్టారు, మొన్న పొద్దుగూకే వేళ అటుగా పోతూ చూశాను, గ్లాసుతో నిలబడ్డ తల్లి ఒక్కరూ లేరు. గిన్నెలు ఇళ్ళ మధ్య తిరగడం లేదు, ప్లాస్టిక్ డబ్బాలు వస్తాయి, వాటిని ఎవరూ తిరిగి అడగరు.

ఇంతలో నూరీ ఫోనులో అజాన్ మోగింది. "పడమర ఎటు?" అంది. హాల్లో పడమటి గోడకు నా పూజ అలమర ఉంది. నేను అటు తిరగగానే తనే అది చూసి, "బాల్కనీల చేస్కుంట తీయ్" అంది. ఉతికిన దుప్పటి తెచ్చి కుండీల ముందు పరిచాను. తను వంగి, లేచి, మళ్ళీ వంగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. వెనక పొయ్యి మీద టీ నీళ్ళు కళపెళ మరుగుతున్నాయి. తను లేచేదాకా ఆ గిన్నె ముట్టుకోలేదు.